పింఛను వచ్చేదాకా ఇల్లు నడవాలంటే

అమ్మడూ,

పింఛను కాగితం కదిలేదాకా పిల్లల ఆకలి ఆగదు. చంటివాణ్ణి వదిలి పనికి వెళ్లలేవు గనక ఇంట్లోనే రెండు పనులు పెట్టుకో: రోజు గడవడానికి ఇడ్లీ పిండి, అద్దెకీ బడికీ వడియాలు. వడియాలనే నమ్ముకుంటే ముసురు పట్టిన వారం చేతిలో పైసా ఉండదు.

పిండికి కిలో మినపగుళ్లు, 2 కిలోల ఇడ్లీ రవ్వ. గుళ్లు 4 గంటలు నానితే చాలు. మిక్సీ వేడెక్కుతుంది, చల్లని నీళ్లు చిలకరిస్తూ ఆపి ఆపి రుబ్బు. చుక్క నీళ్లలో వేస్తే తేలాలి. ఉప్పు వేయకుండా, పులవకముందే సాయంత్రం అమ్మెయ్. బరంపురం ఎండలకి పులిసిన పిండి కవర్లో ఉబ్బి పగులుతుంది. ముందు పక్కిళ్లవాళ్లు ఎంత అడిగితే అంతే రుబ్బు.

వడియాలకి తొందర పనికిరాదు. కిలో బూడిద గుమ్మడి ముక్కలకి పావుకిలో మినప్పప్పు. ముక్కలకి రెండు చెంచాల ఉప్పు కలిపి, గుడ్డలో మూటగట్టి రాత్రంతా బరువు కింద ఉంచు. మళ్లీ ఉప్పు వేయకు, చాలామంది చెడగొట్టేది అక్కడే. పప్పు గట్టిగా రుబ్బు, తిరగకపోతే ఆ గుమ్మడి నీళ్లే కాసిని పొయ్యి. పచ్చిమిర్చి, ఇంగువ, పిండిన ముక్కలు కలిపి, ఎండలో గుడ్డమీద వడియాలు పెట్టు. జారైతే పరుచుకుపోయి గుడ్డకి అంటుకుంటాయి. పైభాగం ఆరాక గుడ్డ వెనక తడిపి ఒలిచి, తిరగేసి ఎండబెట్టు. ఒకటి విరిచి చూడు. లోపల మెత్తగా తగిలితే ఇంకో ఎండ పడాలి, లేదంటే డబ్బాలో బూజు పడుతుంది. మాఘంలో పెట్టేస్తే, ఎండలు ముదిరి ఒడియా ఇళ్లలో పఖాళ, అదే నీళ్లు పోసిన చద్దన్నం, మొదలయ్యేసరికి సరుకు సిద్ధం. పఖాళలోకి వాళ్లకి బొడి కావాలి, మన వడియాలే. మనవాళ్ల వీధి దాటి అమ్ము, మొహమాటపడకు.

పిండి అరువివ్వకు. వారం వాయిదాల గ్రూపు అప్పు ఇప్పుడే తీసుకోకు, అమ్మకం కుదరకముందే వాయిదా నెత్తిమీదికొస్తుంది. మర్నాటి పప్పు, రవ్వ డబ్బులు వేరే డబ్బాలో వెయ్యి. పిల్లలకి జ్వరమొస్తే తప్ప దాన్ని ముట్టుకోకు.

ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం విడత 5,000 రూపాయలు ఎప్పుడైనా ఖాతాలో పడితే, మిక్సీ కాలిపోకముందే గ్రైండరు చూసుకో.

నీ పెద్దమ్మ