ఆర్కిటెక్ట్ పోస్టు తీసేయాలా? మిర్యాలగూడ కాంటా దగ్గర నాకు తెలిసొచ్చింది

మీ సాఫ్ట్‌వేర్ టీమ్ మహబూబ్‌నగర్‌లో, దాని డిజైన్ చూసే ఆర్కిటెక్ట్ హైదరాబాద్‌లో. చిన్న లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) మార్చాలన్నా ఆయన ఓకే కోసం వారం ఆగాల్సి వస్తోంది, ఆ పోస్టే తీసేస్తే పోదా అని అడిగారు. నా మాట: పోస్టు ఉండనివ్వండి. ప్రతిదానికీ ఆయనే ఓకే చెప్పాలనే పద్ధతి తీసేయండి. ఎనిమిదేళ్లుగా నేనూ ఆర్కిటెక్ట్‌నే.

మాది నల్లగొండ. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకు కాంటా సాఫ్ట్‌వేర్ చేశాం. వడ్ల లారీ రాగానే లోడు బరువు, దించాక ఖాళీ బరువు, మిగిలిన తేడా టికెట్ మీద ప్రింట్ అవుతుంది. డిజైన్ అంతా నేనే హైదరాబాద్‌లో కూర్చుని గీశాను. రెండు టికెట్లకు ఒకే నంబరు పడకూడదని, నంబరు క్లౌడ్‌లోని సర్వరే ఇచ్చేలా పెట్టాను.

రివ్యూలో ఒక జూనియర్ అమ్మాయి, వాళ్లది ఆ పక్క ఊరే, "నెట్ పోతే కాంటా ఆగుతది కదా సార్?" అంది. "డిజైన్ ఫ్రీజ్ అయిందమ్మా, తర్వాత చూద్దాం" అన్నాను.

యాసంగి కోతలు మొదలైన వారానికే గాలివాన వచ్చి నెట్ పోయింది. నేను వెళ్లేసరికి మిల్లు గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా లారీలు, ట్రాక్టర్లు. కాంటా మీద ఎర్ర అంకెల్లో బరువు కనిపిస్తూనే ఉంది, మా స్క్రీన్ మీద మాత్రం చక్రం తిరుగుతోంది. గుమాస్తా కార్బన్ పేపర్ పెట్టి చేత్తో చీటీలు రాస్తున్నాడు. ట్రాలీ మీద పట్టా సర్దుకుంటున్న పెద్దాయన ఒకాయన "బరువు కనపడుతనే ఉంది గదా బిడ్డా, ఇంకేం కావాలె మీకు?" అని అడిగాడు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

తర్వాత ఆ అమ్మాయే డిజైన్ మార్చింది. ఒక్కో కాంటాకు ఒక అక్షరం, దాని వెనక సొంత వరస నంబరు. టికెట్ అక్కడి కంప్యూటర్‌లోనే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో సేవ్ అయి ప్రింట్ అవుతుంది, నెట్ వచ్చాక సర్వర్‌కు వెళ్తుంది. మధ్యలో నెట్ తెగి ఒకే టికెట్ రెండుసార్లు వెళ్లినా నంబరు ఒకటే కాబట్టి సర్వర్ రెండోదాన్ని వదిలేస్తుంది.

అప్పటినుంచి మా దగ్గర నిర్ణయం ఎవరైనా తీసుకోవచ్చు. కానీ ముందు ఆ నిర్ణయం ఎవరి పనిమీద పడుతుందో వాళ్లను, ఆ విషయం బాగా తెలిసినవాళ్లను అడిగి తీరాలి. సలహా వినాలి, పాటించాలనే రూలేం లేదు. ఈ సలహా పద్ధతి గురించి ఆండ్రూ హార్మెల్-లా అనే సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ 2021లో వివరంగా రాశారు. నిర్ణయం అయ్యాక ఒక పేజీ రాస్తాం: అప్పటి పరిస్థితి, ఏం నిర్ణయించాం, దానివల్ల వచ్చే మంచిచెడ్డలు. ఇది మైకేల్ నైగార్డ్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు 2011లో చెప్పిన నమూనా. ఆ పేజీని కోడ్ ఉన్న రిపాజిటరీలోనే పెట్టండి, వేరే ఎక్కడో పెడితే ఎవరూ తెరవరు. నిర్ణయం మారితే పాత పేజీ చెరపొద్దు, కొత్త పేజీ రాసి పాతదాని మీద ఆ సంగతి గుర్తు పెట్టండి. ఏడాది తర్వాత చేరినవాళ్లు "ఇట్లెందుకు చేశారు?" అని అడిగినప్పుడు అదే జవాబు.

మరి నాకు పనేం మిగిలిందంటే, నిజానికి పెరిగింది. ఒక టీమ్ నిర్ణయం ఇంకో టీమ్‌కు అడ్డం వస్తుందేమో చూస్తాను. డేటా ఎలా దాచాలి, బయటివాళ్లకు ఏ ఏపీఐ (వాళ్ల సాఫ్ట్‌వేర్ మనదానితో మాట్లాడే దారి) ఇవ్వాలి, డబ్బు లెక్క ఎక్కడ చేయాలి లాంటివి ఒకసారి నడిచాక మార్చడం చాలా కష్టం. అక్కడ గట్టిగా నిలబడి ప్రశ్నలు అడుగుతాను. లైబ్రరీ రేపైనా మార్చుకోవచ్చు, దానికి వారం ఆగడం దండగ. సీజన్‌లో ఒక రోజంతా కాంటా దగ్గరే కూర్చుంటాను.

మీ ఆర్కిటెక్ట్‌తో గొడవకు దిగకండి. ఆగిపోయినవాటిలో చిన్నది ఒకటి తీసుకుని ఒక పేజీ రాయండి. "సార్, మేం ఇట్లా చేద్దామనుకుంటున్నాం, గురువారం లోపు మీ సలహా చెప్పండి" అని పంపండి. మొదటి పేజీ రాయడం ఇబ్బందైతే ఇక్కడే పెట్టండి, చదివి చెప్తాను.