పాఠకుల ప్రశ్నలు: గాజు పళ్ళెంలో చచ్చిన బ్యాక్టీరియా ఒంట్లోనూ చస్తుందా?

ప్రశ్న: ఈ ఏడాదిలో నాకు మూడుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. మూడుసార్లూ యాంటీబయోటిక్ వాడాను, వాడినప్పుడల్లా కడుపు పాడైంది. వెల్లుల్లి, పసుపు బ్యాక్టీరియాను చంపుతాయని ప్రయోగశాలల్లో తేలిందని చదివాను. మళ్ళీ వస్తే మాత్రలు మాని వీటితోనే నయం చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చదివినది అబద్ధం కాదు గాని, అందులో సగం సంగతే ఉంది. ప్రయోగశాలలో గాజు పళ్ళెంలో పోషక పదార్థం పోసి, దానిమీద బ్యాక్టీరియాను పరచి, మొక్క సారంలో తడిపిన చిన్న కాగితపు బిళ్ళను ఉంచుతారు. మరునాటికి బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం కనిపిస్తే ఆ సారానికి శక్తి ఉన్నట్టు లెక్క. ఈ పరీక్షలో వెనిగర్ కూడా నెగ్గుతుంది. కాబట్టి అసలు అడగవలసింది ఎంత గాఢత దగ్గర పెరుగుదల ఆగింది, నోటితో మింగిన మందు రోగం ఉన్న చోట అంత గాఢతకు చేరుతుందా, చేరినా మన ఒంటికి హాని చేయకుండా ఉంటుందా అన్నది.

వెల్లుల్లి సంగతే చూడండి. చెక్కుచెదరని రెబ్బలో బ్యాక్టీరియాను చంపే అల్లిసిన్ ఉండదు. రెబ్బను నలిపినప్పుడు లోపల వేర్వేరు గదుల్లో ఉన్న ఆల్లిన్ అనే పదార్థం, ఆల్లినేజ్ అనే ఎంజైము కలుసుకుని అప్పటికప్పుడు అల్లిసిన్ పుడుతుంది, ఆ ఘాటు వాసన దానిదే. నలపకుండా ఉడికిస్తే వేడికి ఎంజైము నశించి, అల్లిసిన్ పుట్టనే పుట్టదు. పచ్చిగా నమిలి మింగినా అది ఒంట్లోకి వెళ్ళగానే వేరే పదార్థాలుగా మారిపోతుంది. రక్తంలో వెతికితే అల్లిసిన్ దొరకదు. 1944లోనే దీన్ని వేరుచేసి, బ్యాక్టీరియాను చంపే గుణాన్ని గుర్తించినా, ఇన్నేళ్ళలో మింగే యాంటీబయోటిక్‌గా అది నిలబడకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. పసుపులోని కర్క్యుమిన్‌దీ ఇంచుమించు ఇదే కథ. గ్రాముల కొద్దీ మింగినా రక్తంలోకి చేరేది అతి స్వల్పం.

అయితే మొక్కల మందు తాగితే తగ్గిందని చెప్పేవారంతా అబద్ధమాడుతున్నారా అంటే, కాదు. ఇతర జబ్బులేమీ లేని స్త్రీలలో, మూత్రాశయం వరకే పరిమితమైన ఇన్ఫెక్షన్ చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. జర్మనీలో 2015లో వెలువడిన ఒక పరిశోధనలో కొందరికి యాంటీబయోటిక్, కొందరికి నొప్పి తగ్గించే ఐబుప్రొఫెన్ ఇచ్చి చూస్తే, ఐబుప్రొఫెన్ తీసుకున్నవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఆ తర్వాత యాంటీబయోటిక్ అవసరమే రాలేదు. అలాంటివారు ఏ కషాయం తాగి ఉన్నా ఘనత దానికే దక్కేది. ఆ దేశంలోనే తర్వాత బేర్‌బెర్రీ అనే మూలిక ఆకుల సారంతో జరిగిన పరీక్షలోనూ యాంటీబయోటిక్‌ల వాడకం బాగా తగ్గింది కాని, మంట, నొప్పి మాత్రం యాంటీబయోటిక్ తీసుకున్నవారికంటే ఎక్కువగా ఉన్నాయి. ఇన్ఫెక్షన్ మూత్రపిండాలకు పాకిన సందర్భాలు కూడా ఆ ఆకుల సారం తీసుకున్నవారిలోనే ఎక్కువగా కనిపించాయి. నా దృష్టిలో ఈ చివరి మాటే అన్నిటికంటే ముఖ్యమైనది.

మొక్కలు మీకు ఉపయోగపడే చోటు వేరే ఉంది. వచ్చిన ఇన్ఫెక్షన్‌ను నయం చేయలేకపోయినా, మళ్ళీ మళ్ళీ రాకుండా చూడడంలో క్రాన్‌బెర్రీ అనే పుల్లని ఎర్ర పండుకు ఆధారాలున్నాయి. ఈ ఇన్ఫెక్షన్లకు ఎక్కువగా కారణమయ్యే ఈ-కొలై బ్యాక్టీరియాను అది చంపదు. మూత్రనాళపు గోడకు అంటుకోవడానికి బ్యాక్టీరియా వాడే సన్నని పోగులకు అడ్డుపడుతుంది. 2023లో 50 పరిశోధనలను కలిపి చూసినప్పుడు, మీలా తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే స్త్రీలలో అది ముప్పును సుమారు నాలుగో వంతు తగ్గించినట్టు తేలింది. రక్తం పలచబడడానికి వార్‌ఫరిన్ వాడేవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టరాదు. ఇక నీళ్ళు తక్కువగా తాగే అలవాటు ఉన్నవారు రోజుకు లీటరున్నర అదనంగా తాగితే ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయని 2018లో తేలింది. ఏ మూలికకూ ఇంతకు మించిన ఫలితం నేను చూడలేదు.

మళ్ళీ వస్తే ముందుగా మూత్రం కల్చర్ పరీక్ష చేయించండి. ఏ బ్యాక్టీరియా, దానికి ఏ మందు పనిచేస్తుంది అన్నది తెలిస్తే, కడుపును తక్కువగా ఇబ్బంది పెట్టే మందును తక్కువ రోజులకే ఇమ్మని మీ వైద్యుణ్ణి అడగవచ్చు. చలిజ్వరం, నడుముకు ఒక పక్కన నొప్పి, వాంతులు ఉన్నా, గర్భం ఉన్నా, మధుమేహం ఉన్నా కషాయాలతో ఒక్క రోజు కూడా గడపకండి.

ప్రశ్న: యాంటీబయోటిక్‌లకు బ్యాక్టీరియా అలవాటు పడిపోతుంది గాని, మొక్కల మందులకు పడదంటారు. నిజమేనా?
– మరొక పాఠకుడు

జవాబు: నిజం కాదు. మొక్కలతో బ్యాక్టీరియా పోరాటం మనిషి పుట్టక ముందునుంచీ ఉన్నదే. దారుహరిద్ర వంటి మొక్కల్లోని బెర్బెరిన్ అనే పసుపు పదార్థం, చర్మానికి, గాయాలకు ఇన్ఫెక్షన్ తెచ్చే స్టాఫిలోకోకస్ బ్యాక్టీరియా లోపలికి వెళ్ళగానే, ఆ కణపు పొరలో ఉన్న నార్‌-ఏ అనే పంపు దాన్ని తోడి బయట పోస్తుంది. నార్‌ఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయోటిక్‌లను తోడేసేదీ ఆ పంపే. అంటే మొక్క మందును తట్టుకునే ఉపాయమూ, మాత్రను తట్టుకునే ఉపాయమూ ఇక్కడ ఒకటే.

మొక్క దీనికి విరుగుడు కనిపెట్టుకున్న తీరు మాత్రం ముచ్చటైనది. బెర్బెరిన్ ఉన్న కొన్ని మొక్కల్లోనే, తనకు బ్యాక్టీరియాను చంపే శక్తి లేకపోయినా ఆ పంపును మూసివేసే మరొక పదార్థం ఉన్నట్టు 2000లో గుర్తించారు. ఈ రెండూ కలిసినప్పుడు బెర్బెరిన్ బలం ఎన్నో రెట్లు పెరిగింది. యాంటీబయోటిక్‌కు తోడుగా పనిచేసే ఇలాంటి పదార్థాల మీదే నాకు ఎక్కువ ఆశ ఉంది.

మొక్కనుంచి గొప్ప మందు వచ్చిన చోట కూడా మొక్కను ఉన్నదున్నట్టు వాడలేదు. చైనా శాస్త్రవేత్త తూ యూయూ ప్రాచీన చైనా గ్రంథంలోని సూచన చదివి, మరిగిస్తే గుణం పోతోందని ఊహించి, తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీయడం వల్లనే 1972 నాటికి ఆర్టెమిసియా అనే మొక్కనుంచి ఆర్టెమిసినిన్ అనే మందు చేతికి వచ్చింది. ఆమెకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది. ఆ మందు చంపేది మలేరియా పరాన్నజీవిని, బ్యాక్టీరియాను కాదు. అదే మొక్క ఆకులతో కాచిన టీని మలేరియాకు వాడడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సమర్థించదు, ఎందుకంటే ఒక్కో ఆకులో మందు శాతం ఒక్కో తీరున ఉంటుంది. మోతాదు చాలకపోతే రోగం తిరగబెడుతుంది, మందును తట్టుకునే శక్తీ పరాన్నజీవిలో పెరుగుతుంది.

ప్రశ్న: కాలిన గాయానికి తేనె రాయవచ్చా?
– ఇంకొక పాఠకురాలు

జవాబు: ఇక్కడ మందు రోగం ఉన్న చోటనే ఉంటుంది కాబట్టి గాఢత చిక్కు రాదు. లోతుగా కాలని గాయాలు మామూలు కట్లకంటే తేనె కట్టుతో త్వరగా మానుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. ముందు కాలిన చోటును 20 నిమిషాలు చల్లని పారే నీటి కింద ఉంచండి. ఆ సమయంలో తేనె గాని మరేదీ గాని పూయవద్దు. తర్వాత వాడేది కూడా వైద్యానికని గామా కిరణాలతో శుద్ధిచేసిన తేనె కావాలి గాని వంటింటి సీసాలోది కాదు, ఎందుకంటే మామూలు తేనెలో క్లాస్ట్రిడియం అనే విషం పుట్టించే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె నాకించకూడదనడానికి కారణం కూడా ఆ బీజాలే. అరచేతికి మించి కాలినా, ముఖం మీద గాని కీళ్ళ దగ్గర గాని కాలినా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.