సొంత కారుతో ట్రాక్ డ్రైవింగ్ నేర్చుకోవడానికి స్కూల్ ఎలా ఎంచుకోవాలి?

"డాలస్‌లో ఉంటాను, నా కారుతోనే హై పెర్ఫార్మెన్స్ డ్రైవింగ్ నేర్చుకోవాలని ఉంది, ఏ స్కూల్ మంచిది?" అని ఒకరు అడిగారు. నేనుండేది డాలస్ పక్కనే ఫ్రిస్కోలో. 2021 నుంచి నా 2017 హోండా సివిక్ ఎస్ఐతో ఏడాదికి మూడు నాలుగు సార్లు ట్రాక్‌కి వెళ్తున్నాను. ట్రాక్ ఎంత పొడవుందో, వెబ్‌సైట్లో ఏ కార్ల ఫొటోలు పెట్టారో వదిలేయండి. మీ కుడి సీట్లో ఎవరు కూర్చుంటారో ముందు అది కనుక్కోండి.

మొదటిసారి నేను అది అడగలేదు. ఫీజు తక్కువ, ఇంటి నుంచి గంటన్నర ప్రయాణం, అంతే చూసుకున్నాను. ఆ స్కూల్ పేరు ఇక్కడ అనవసరం. వాళ్ళు ఈమెయిల్లో టెక్ ఇన్‌స్పెక్షన్ ఫారం, అంటే కారు ట్రాక్‌కి పనికొస్తుందో లేదో చెక్ చేసే ఫారం పంపారు. బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, వీల్ నట్లు, ఫ్లూయిడ్లు అన్నిటికీ నేనే టిక్కులు పెట్టి నేనే సంతకం చేశాను. పొద్దున గేటు దగ్గర ఆ కాగితం తీసుకుని చేతికి బ్యాండ్ కట్టారు. బానెట్ ఎత్తి చూపించమని ఒక్కరూ అడగలేదు.

అదృష్టం కొద్దీ నా పక్కన కూర్చున్నది ఒక పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. మాట తక్కువ. "చూపు దూరంగా పెట్టు" అని ప్రతి మలుపు ముందూ అదే మాట. మొదటి రెండు సెషన్లూ బాగా జరిగాయి. మే నెల ఎండ. మూడో సెషన్లో నాకు ధైర్యం వచ్చి ట్రాక్‌లో మలుపుల్లేని స్ట్రెయిట్ చివర 105 మైళ్ళ దాకా వెళ్ళాను. బ్రేక్ తొక్కాను. నీళ్ళు పీల్చిన స్పాంజి మీద కాలు వేసినట్టు పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది. కారు మాత్రం వేగం తగ్గలేదు.

నా చేతులు వాటంతటవే స్టీరింగ్ తిప్పబోయాయి. పెద్దాయన ఎడమ చేయి చాచి స్టీరింగ్ కింది అంచు పట్టుకున్నాడు. "తిప్పకు. పంప్ చెయ్. మళ్ళీ. మళ్ళీ. నేరుగా గడ్డిలోకి పోనీ." గొంతు ఏమాత్రం పెంచలేదు. నాలుగోసారి తొక్కినప్పుడు కాలికి కొంచెం గట్టిగా తగిలింది. గడ్డిలో దడదడలాడుతూ పోయి టైర్ల గోడకి ఇంకా చాలా దూరంలోనే ఆగాం. అప్పుడు ఆయన చెప్పిన మొదటి మాట: "హ్యాండ్ బ్రేక్ వెయ్యకు, గేర్లో ఉంచు." కాలిపోతున్న డిస్కుల మీద ప్యాడ్లు బిగించి వదిలేయకూడదట.

తర్వాత ప్యాడక్‌లో (ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే చోటు) బానెట్ ఎత్తించి బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా చూపించాడు. కొత్త ఫ్లూయిడ్ లేత నూనె రంగులో ఉంటుంది. నాది డికాషన్ రంగులో ఉంది. మూడేళ్ళకొకసారి మార్చమని హోండా మాన్యువల్లోనే ఉంది. నా కారుకి నాలుగో ఏడు నడుస్తోంది. ఈ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ ప్రమాణం 140కి పడిపోతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు వస్తాయి. ఇక మనం ఎంత తొక్కినా ఆ బుడగలు నలగడమే తప్ప ప్యాడ్లకి ఒత్తిడి చేరదు. ఆఫీసుకి వెళ్ళొచ్చే దారిలో ఇది జన్మలో తెలియదు, బ్రేకులు అంత వేడెక్కవు.

కాబట్టి ఫోన్ చేసినప్పుడు ఇవి అడగండి. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది స్టూడెంట్లు? రోజంతా ఒకరే కూర్చుంటారా, సెషన్‌కొకరు మారతారా? ఇన్‌స్ట్రక్టర్లకి మోటార్‌స్పోర్ట్ సేఫ్టీ ఫౌండేషన్ సర్టిఫికెట్ లాంటిది ఏదైనా ఉందా, లేక వేగంగా నడపగలిగిన ప్రతివాడినీ కూర్చోబెడుతున్నారా? వేగంగా నడపడం వేరు, పక్కవాడికి నేర్పడం వేరు. కారుని ఎవరు, ఎప్పుడు చెక్ చేస్తారు? "మీరే చూసుకోండి" అంటే ఆ ఫోన్ పెట్టేయండి.

స్కిప్ బార్బర్ లాంటి పాత పేరున్న స్కూళ్ళు ప్రధానంగా వాళ్ళ కార్లలోనే నేర్పుతాయి. అది మంచి చదువే, కానీ మీరడిగింది మీ కారు గురించి. మీ కారు బరువు, మీ బ్రేకులు, మీ టైర్లు మీకు తెలియాలి. దానికి కార్ క్లబ్బులు నడిపే స్కూళ్ళే నయం. బీఎండబ్ల్యూ కార్ క్లబ్ చాప్టర్లు (ఊళ్ళవారీ శాఖలు) చాలావరకు వేరే కార్లని కూడా రానిస్తాయి. అక్కడ ఇన్‌స్ట్రక్టర్లు ఎక్కువమంది ఇష్టంతో వచ్చేవాళ్ళే. మా పెద్దాయన కూడా అలాంటి ఒక క్లబ్బులో నేర్పుతాడని తెలిసి నేనూ అక్కడికే మారాను. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్ళ ట్రాక్ నైట్ చవక, సరదాగా ఉంటుంది కానీ పక్కన ఎవరూ కూర్చోరు. మొదటిసారికి అది వద్దు.

హెల్మెట్ కొంటే కార్ రేసింగ్ కోసం ఇచ్చే ఎస్ఏ రేటింగ్ ఉన్నదే కొనండి. మోటార్ సైకిల్ హెల్మెట్‌కి మంట పరీక్ష ఉండదు. మీ ఇన్సూరెన్స్ పాలసీ మొత్తం చదవండి. "ఇది రేస్ కాదు, ట్రైనింగ్" అని మీరంటే కంపెనీ ఒప్పుకోదు, చాలా పాలసీల్లో ట్రాక్ మీద ఏం జరిగినా కవర్ కాదు. ఒక్కరోజుకి విడిగా ట్రాక్ ఇన్సూరెన్స్ దొరుకుతుంది, తీసుకోండి.

నాకు బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. మనవాళ్ళు బీఎండబ్ల్యూ ఎం3 కొని, రెండు వేల డాలర్లు పెట్టి ఎగ్జాస్ట్ మార్పించి, అర్ధరాత్రి టోల్‌వే మీద నూట ముప్పై కొట్టి ఆ వీడియో వాట్సాప్ గ్రూప్‌లో పెడతారు. కింద ఇరవై చప్పట్లు. ఆ డబ్బుతో నాలుగైదు ట్రాక్ రోజులొస్తాయి. అదే ఇంట్లో పదహారేళ్ళ పిల్లాడు అదంతా చూస్తూ లైసెన్స్ కోసం ఎదురుచూస్తుంటాడు.

ఆ పిల్లల కోసమే ఇంత రాశాను. టైర్ ర్యాక్ స్ట్రీట్ సర్వైవల్ అని బీఎండబ్ల్యూ కార్ క్లబ్ ఫౌండేషన్ నడిపే ఒక్కరోజు స్కూల్ ఉంది. 15 నుంచి 21 ఏళ్ళ వాళ్ళకి. వాళ్ళు రోజూ నడిపే కారుతోనే వెళ్ళాలి, పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటాడు. పోయినేడు మా అమ్మాయిని మా క్యామ్రీతో తీసుకెళ్ళాను. పెద్ద పార్కింగ్ లాట్‌లో నీళ్ళు చల్లి ఉంచారు. సడన్ బ్రేక్ వెయ్యమన్నారు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేయగానే పెడల్ కాలికింద టకటకా కొట్టుకుంది. ఏదో విరిగిందనుకుని భయపడి కాలు తీసేసింది. కారు ఆరెంజ్ కోన్లు పడగొట్టుకుంటూ పోయింది. పక్కనున్న ఆవిడ "అది దాని పని అది చేస్తోంది, నువ్వు కాలు తియ్యకు" అని మళ్ళీ మొదటికి పంపింది. నేను కంచె పక్కన నిలబడి చూస్తున్నాను. రెండోసారి కోన్లకి ఇంకా రెండు కార్ల దూరం ఉండగానే ఆగింది. అద్దం దించి నావైపు చేయి ఊపింది.