రోహిణి కార్తెల దాసరి పాము గుడ్లు

హనుమకొండ
రోహిణి కార్తె, మూడో దినం

బిడ్డా,

పొద్దుగాల నువ్వు పంపిన ఫోటో నాలుగైదు సార్లు చూసిన. జేసీబీ తవ్విన గుంత అంచుకు తెల్లగ ముద్దకట్టి ఇరవై రెండు దాసరి పాము, అదే కొండచిలువ గుడ్లు. తల్లి పొదలల్లకు పోయింది, దాని బొరియ కూలిపోయింది అన్నవు. బొరియ నిలబడి ఉంటే ఒక్క గుడ్డు గూడ ముట్టకుమని చెప్పేటోన్ని. రెండు నెలలు అటు దిక్కు పని ఆపుమని గుత్తేదారును బతిమాలేటోన్ని. తల్లికంటె మంచి మిషిన్ మన దగ్గర లేదు. గని ఇప్పుడు ఇగ మనమే పొదిగించాలె.

ముందు ఒక్క మాట. దాసరి పాము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంల షెడ్యూల్ ఒకటిల, అంటే అన్నిటికంటె ఎక్కువ రక్షణ ఉన్న జాబితల ఉన్న జీవం. అటవీ శాఖ రేంజ్ ఆఫీసర్ ఫోన్ల "సరే, నీ దగ్గరనే ఉంచు" అంటే సరిపోదు, కాయితం రాయించుకో. గుడ్లెన్ని, ఎక్కడ దొరికినయి, ఎవరింట్ల పెట్టినం, అన్నీ అందుల ఉండాలె. కాయితం లేకుంట ఇంట్ల పెట్టుకుంటే మనకు, వేటగానికి తేడా ఏమున్నది?

ఇగ పొదిగే డబ్బల తేమ ఎంత ఉండాలె అని నువ్వు అడిగిన సంగతి. నా మొదటిసారి ముచ్చట చెప్త, నవ్వకు. అప్పటికి నాకు తెలిసిన గుడ్లంటే కోడిగుడ్లే. నాటుకోళ్లకని కొన్న చిన్న ఇంక్యుబేటర్, గుడ్లు పొదిగే పెట్టె, ఇంట్ల ఉండె. మీటర్ మీద తేమ 55 శాతం చూపిస్తున్నది, కోడిపిల్లలు మంచిగనే లేస్తున్నయి, ఇవి గూడ లేస్తయి తియ్యి అని అందులనే పెట్టిన. నాలుగో దినానికి గుడ్లు వాడిపోయిన నిమ్మకాయల లెక్క లోపలికి గుంజుకున్నయి. పద్నాలుగుల మూడు దక్కినయి.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత సమజైంది. కోడిగుడ్డు పెంకు గట్టిది. పొదిగే ఇరవై ఒక్క దినాలల్ల అది లోపలి నీళ్లు కొంత పోగొట్టుకోవాల్సిందే, అప్పుడే లోపల గాలి అర పెరుగుతది, పిల్ల ఊపిరి తీస్తది. పాముగుడ్డుది తోలు లెక్క మెత్తటి పెంకు. చుట్టు తడి ఉంటే నీళ్లు గుంజుకుంటది, పొడిగ ఉంటే వదులుకుంటది. దానికి 90 శాతానికి పైన తేమ కావాలె. నేనేమో దాన్ని ఫ్యాన్ కింద పెట్టి బట్టలు ఆరేసినట్టు ఆరేసిన. ఇంకోటి, కోడిగుడ్లను తిప్పుతరు, వీటిని అస్సలు తిప్పొద్దు. పెట్టిన ఒకటి రెండు దినాలల్లనే పిండం పైభాగానికి అంటుకుంటది. నీ ఫోటో మంచికే పనికొచ్చింది. అందుల ఏ దిక్కు పైకి ఉన్నదో చూసి, పెన్సిల్‌తోని సన్నగ గుర్తు పెట్టు. ముద్దను విడదీసే ప్రయత్నం చెయ్యకు.

తల్లి ఏం చేస్తదో ఒకసారి ఆలోచించు. గుడ్ల చుట్టు చుట్టుకొని కండరాలు వణికించుకుంట వేడి పుట్టిస్తది. న్యూయార్క్‌ల బ్రాంక్స్ జూల కొలిచి చూసిన లెక్కలు 1966ల అచ్చైనయి. ఈ వేడి ముచ్చట అందరు చెప్తరు. తేమ ముచ్చట ఎవ్వరు చెప్పరు. ఆమె చుట్ట బిగిస్తే గుడ్ల తడి బయటికి పోదు, అప్పుడప్పుడు జర వదులు చేస్తే గాలి ఆడుతది. అంటే ఆ చుట్ట ఒక మూత. ఆమె గుడ్ల మీద నీళ్లు చల్లదు గద, నువ్వు గూడ చల్లకు. నీ చేతిల స్ప్రే బాటిల్ ఉన్నదని నాకు తెలుసు, దాన్ని మీ అమ్మకు పూలకుండీలకు ఇయ్యి.

మూత గట్టిగ పట్టే ప్లాస్టిక్ డబ్బా తీసుకో, పక్కలకు దబ్బనం పట్టేంత రంధ్రాలు రెండు చాలు. నర్సరీలల్ల వర్మిక్యులైట్ దొరుకుతది, నీళ్లు పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు పలుకులు అవి. తూకానికి తూకం నీళ్లు కలుపు, అర కిలోకు అర లీటరు. పిడికిట్ల పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలె, ధార కడితే ఎక్కువైనట్టు. కొబ్బరి పొట్టు అగ్గువకు వస్తది గని నాకు దానితోని బూజు బాధ ఎక్కువైంది. నాలుగు వేళ్ల మందం పరిచి, దాని మీద ప్లాస్టిక్ జాలి, జాలి మీద గుడ్లు. గుడ్డుకు తడి గాలి తగలాలె, తడి మట్టి కాదు.

ఆన్‌లైన్ల కొన్న తేమ మీటర్‌ను నమ్మేముందు పరీక్ష పెట్టు. సీసా మూతల వంటుప్పు పోసి, ముద్ద అయ్యేటట్టు కొన్ని నీటిచుక్కలు వెయ్యి. దాన్ని, మీటర్‌ను కలిపి గాలి చొరని డబ్బల రాత్రంత ఉంచు. పొద్దుగాల 75 చూపాలె. 68 చూపితే నీ మీటర్ ఏడు తక్కువ చెప్తున్నట్టు. అసలు నాకు మీటర్‌కంటె తక్కెడ మీదనే నమ్మకం. ఇయ్యాల గుడ్లతోని సహా డబ్బా తూకం వేసి మూత మీద రాయి. వారానికోసారి కుదుపు లేకుంట మళ్ల తూచు. నలభై గ్రాములు తగ్గితే నలభై మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు, జాలి కింద, డబ్బా అంచు పొంటి పొయ్యి. గంటకోసారి మూత తీసి చూసుడు మాత్రం బందు పెట్టు. తీసినప్పుడల్ల లోపలి ఆవిరంత పోతది.

వేడి 30 నుంచి 32 డిగ్రీల నడుమ ఉండాలె. మన దగ్గర ఇప్పుడు బాధ వెచ్చచేసుడు కాదు, చల్లగ ఉంచుడు. మీది రేకుల ఇల్లు, ఆ ఇంట్ల వద్దు. మీ పెదనాయిన పెంకుటింటి లోపలి అర్రల, చేపలోళ్ల థర్మాకోల్ పెట్టె తీసుకొని అందుల ఈ డబ్బాను ఉంచు. పక్కన రెండు నీళ్ల సీసాలు పెడితే కరెంటు పోయినా వేడి ఒక్కసారి మారదు. కూలర్ గాలి నేరుగ తగలనియ్యకు. మూత చల్లబడితే లోపలి ఆవిరి చుక్కలై గుడ్ల మీద పడతది. మూత కింద ఉతికిన నూలు బట్ట కట్టు, ఒకవైపుకు జర వాలుగ.

ఇయ్యన్నీ రోహిణి మాటలు. మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడ్డంక లెక్క తిరగబడతది. అప్పుడు గాలిలనే తేమ, గది 28కి దిగుతది, నువ్వు అలవాటు కొద్ది నీళ్లు పోస్తనే ఉంటవు. గుడ్లు ముంచేది ఆ అలవాటే. ఆరుద్ర నాటికి తక్కెడ తగ్గిందని చెప్తే తప్ప చుక్క పొయ్యకు, రంధ్రాలు ఇంకో రెండు పెంచు, వేడిని ఒక్క తీరుగ ఉంచే థర్మోస్టాట్ పెట్టి పెట్టెను వెచ్చచెయ్యి.

గుడ్డు మీద గుంట పడితే భయపడే ముందు దినాలు చూడు. మొదటి నెలల గుంట పడితే ఎండుతున్నట్టు. ఆఖరి పదిహేను దినాలల్ల పడితే అది మామూలే. నీకు పెట్టిన తేదీ తెల్వదు గనక చీకట్ల టార్చ్ ఆనించి చూడు, ఎర్రటి నరాలు కనిపిస్తే బతికున్నట్టు. బూజు పట్టిన గుడ్డు పసుపు తిరిగి కుళ్లిన వాసన వస్తే అది పోయింది, గని పక్కదానికి అంటుకొని ఉంటే పీకకు. పొడి దూదితోని బూజు తుడిచి వదిలెయ్యి. పక్క గుడ్డు మంచిదైతే తట్టుకుంటది.

పిల్ల పెంకు కోసి మూతి బయట పెట్టినంక ఒక దినం, రెండు దినాలు అట్లనే ఉంటది. లోపలి సొన గుంజుకునేది అప్పుడే. బయటికి లాగకు, నీ దోస్తులను వీడియోలకు పిలవకు. ఆఫీసర్‌కు ఫోన్ చెయ్యి, ఎక్కడ వదలాల్నో వాళ్లే చెప్తరు.

మాపటికి డబ్బా తూకం ఎంతొచ్చిందో నాకు పంపు. ఉప్పు పరీక్ష రేపు పొద్దుగాల చెప్పు.

మీ కాక