కర్రీ పాయింట్‌లో నెలకు లక్ష మిగులుతుందా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో చేరి నాలుగేళ్ల నాలుగు నెలలైంది. బేసిక్ 30 వేలు, చేతికి 58 వేలు వస్తుంది. నా భార్య వంట బాగా చేస్తుంది. నిజాంపేటలో నడుస్తున్న ఒక కర్రీ పాయింట్‌ను 5 లక్షల గుడ్‌విల్‌కు (నడుస్తున్న దుకాణం పేరుకు, గిరాకీకి కట్టే ధర) ఇస్తామంటున్నారు. రోజుకు 9 వేల అమ్మకం ఉందట. సరుకులకు 5 వేలు పోగా 4 వేలు మిగులుతుంది. అంటే నెలకు 1.2 లక్షలు. అద్దె 22 వేలు తీసేసినా లక్షకు దగ్గరగా ఉంటుంది. పీఎఫ్ డబ్బు, కొంత బంగారం తాకట్టు పెట్టి సర్దుదామని ఆలోచన. ఇద్దరు పిల్లలు. షుగరు ఉన్న మా అమ్మ మాతోనే ఉంటారు. ఉద్యోగం మానేయవచ్చా?

జవాబు: ఇప్పుడే మానకండి. ఎప్పటికీ వద్దని కాదు. మీరు పోల్చిన రెండు అంకెలూ సరైనవి కావు కాబట్టి ఇప్పుడు వద్దంటున్నాను. కంపెనీ ఖాతాల్లో పైసా తేడాను ఊరుకోని మీరు, సొంత లెక్కలో నాలుగు పద్దులు వదిలేశారు!

ముందు జీతం సంగతి. మీ జీతం 58 వేలు కాదు. బేసిక్ మీద 12 శాతం చొప్పున మీ వాటా 3,600, కంపెనీ వాటా 3,600 నెలనెలా పీఎఫ్, పింఛను ఖాతాల్లో పడుతున్నాయి. కంపెనీ ఆరోగ్య బీమాలో అమ్మగారు కూడా ఉన్నారనుకుంటున్నాను. అదే రక్షణను బయట కొనుక్కోవాలంటే, ఆవిడ షుగరును బట్టి చూస్తే, ఏడాదికి 60 వేలు పక్కన పెట్టుకోవాలని నా అంచనా. అంటే నెలకు 5 వేలు. ఐదేళ్లు పనిచేసి మానేవారికి కంపెనీ ఒకేసారి ఇచ్చే గ్రాట్యుటీని నెలలకు పంచితే ఇంకో 1,440. అన్నీ కలిపితే 71,600 దాటుతుంది. మీరు వదులుకోబోయేది ఇదీ.

గ్రాట్యుటీ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఐదేళ్లు నిండాలంటే మీకు ఇంకా ఎనిమిది నెలలు కావాలి. నిండితే 30 వేల బేసిక్‌ను 26తో భాగించి, 15తోనూ, ఐదేళ్లతోనూ హెచ్చవేస్తే 86,500 పైన చేతికొస్తుంది. ఇప్పుడు రాజీనామా చేస్తే అది దక్కదు. కర్రీ పాయింట్ అమ్మేవారు ఎనిమిది నెలలు ఆగరు కదా అంటారేమో. ఆగకపోతే ఇంకొకటి దొరుకుతుంది. కూకట్‌పల్లి నుంచి నిజాంపేట దాకా అలాంటి దుకాణాలకు కొరత లేదు.

ఇక దుకాణం లెక్క. మీరు చెప్పిన 9 వేల అమ్మకాన్నే నమ్ముదాం. నెలకు 28 రోజులే తీసుకోండి. పండగకో, జ్వరానికో రెండు రోజులు తలుపు వేయక తప్పదు. 28 రోజులకు రోజుకు 4 వేల చొప్పున 1,12,000. ఇందులోంచి అద్దె 22 వేలు మీరే తీశారు. వంటలో సాయానికి ఒకరు, కౌంటరు దగ్గర ఒకరు, ఇద్దరికీ కలిపి 27 వేలు. ఇంటి సిలిండరు వాడకూడదు, 19 కిలోల వాణిజ్య సిలిండర్లే వాడాలి. నెలకు ఎనిమిదనుకుంటే 16 వేలు పోతుంది. కవర్లు, డబ్బాలు, కరెంటు 9 వేలు. రాత్రి పది గంటలకు గిన్నెల్లో మిగిలిపోయే కూర రోజుకు 400 రూపాయల సరుకు అనుకున్నా నెలకు 11,200. ఇవన్నీ పోతే మిగిలేది 26,800.

ఆగండి, ఇంకా ఉంది. ఆ లెక్కన ఏడాది అమ్మకం 30 లక్షలు దాటుతుంది. రెస్టారెంట్ సేవలకు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. పన్ను 5 శాతం. 40 రూపాయల ప్యాకెట్‌కు పైన రెండు రూపాయలు అడిగితే కొనేవారు పక్క దుకాణానికి వెళ్తారు. అందువల్ల అది మీ జేబులోంచే పోతుంది, నెలకు 12 వేలు. చివరికి చేతిలో మిగిలేది 14,800. ఇప్పుడున్న యజమాని జీఎస్టీ కడుతున్నారో లేదో అడగండి. కట్టడం లేదంటే ఆ 9 వేల అమ్మకం నిజం కాకపోవచ్చు, లేదా మీరు కొనబోయేది పన్ను ఎగవేతలో వచ్చే లాభం.

ఆదాయ పన్ను గురించి బెంగ వద్దు. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను పడదు.

ఈ మొత్తం లెక్కలో మీ శ్రీమతి జీతం ఎక్కడా లేదు. ఉదయం ఆరింటికి ఉల్లిపాయలతో మొదలై రాత్రి పదికి గిన్నెలతో ముగిసే పని అది. బయటి మనిషిని పెట్టుకుంటే 15 వేలకు తక్కువ రారు. మా నాన్నగారికి కిరాణా కొట్టు ఉండేది. ఇంట్లోకి కందిపప్పు కొట్టులోంచే వచ్చేది, పద్దులో పడేది కాదు. అమ్మ మధ్యాహ్నమంతా గల్లాపెట్టె దగ్గర కూర్చునేది, అదీ పద్దులో లేదు. ఏడాది చివర లాభం వచ్చిందో నష్టం వచ్చిందో ఆయనకు చివరిదాకా తెలియలేదు. ఇప్పుడు నేను ఊళ్లోవాళ్ల లెక్కలు చూడటానికి ఆ కొట్టే కారణమేమో!

మీ జీతం విలువ, ఆవిడ కష్టం విలువ రెండూ రావాలంటే దుకాణం రోజుకు 16 వేల పైచిలుకు అమ్మాలి. అంటే ప్యాకెట్ 40 రూపాయల చొప్పున ఇప్పటి 225 ప్యాకెట్లు కాదు, 400 దాటాలి. అసాధ్యం కాదు. అపార్ట్‌మెంట్ల మధ్య మంచి చోట ఉండి, రెండు పూటలా నడిస్తే అమ్మేవాళ్లున్నారు. కానీ ఆ 5 లక్షలు ఇంత అమ్మే దుకాణానికి ఇవ్వవలసిన ధర, 9 వేలు అమ్మే దుకాణానికి కాదు.

కాబట్టి ఒక పని చేయండి. ఒక మంగళవారం, ఒక శుక్రవారం, ఒక ఆదివారం ఆ దుకాణం ఎదురుగా కూర్చోండి. టీ కొట్టు ఉంటే మరీ మంచిది. పన్నెండు నుంచి రెండింటి దాకా, సాయంత్రం ఏడు నుంచి పది దాకా బయటికి వెళ్లే ప్యాకెట్లు లెక్కపెట్టండి. బిల్లు పుస్తకం అబద్ధం చెప్పగలదు, కౌంటరు ముందు వరుస చెప్పలేదు. కార్తీక మాసంలో, అయ్యప్ప దీక్షల రోజుల్లో కోడి కూర అమ్మకం ఎంత పడిపోతుందో, సంక్రాంతికి బ్యాచిలర్లు ఊళ్లకు వెళ్లిపోయిన వారంలో షట్టరు ఎన్ని రోజులు మూస్తారో కూడా అడగండి. ఎందుకు అమ్ముతున్నారో వాళ్లనే కాదు, అక్కడ పనిచేసే కుర్రాణ్ని కూడా అడగండి.

ఈ ఎనిమిది నెలలూ ఊరికే కూర్చోమనడం లేదు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు తీసుకొని, మీ శ్రీమతి పేరు మీద, ఇంటి వంటగదిలోంచే మొదలుపెట్టండి. మీ అపార్ట్‌మెంట్, పక్క రెండు అపార్ట్‌మెంట్లు చాలు. శని, ఆదివారాల్లో నాలుగు కూరలు. పెద్ద గిన్నెలు, పొయ్యికి డబ్బు కావాలంటే చిన్న వ్యాపారాలకు రుణాలిచ్చే కేంద్ర ముద్ర పథకంలో ‘శిశు’ అనే చిన్న రుణాల విభాగం కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా రుణం దొరుకుతుంది. అదే కూర 200 ప్యాకెట్లకు వండినా రుచి నిలుస్తుందా, ఆవిడకు ఆ పని మూడో నెలలో కూడా ఇష్టంగా ఉంటుందా అన్నది తేలేది ఇక్కడే. ఉత్తరం మీరు రాశారు, వండవలసింది ఆవిడ. ఆవిడ ఏమన్నారో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు.

ఉద్యోగం అంటే భరోసా అని నేను అనను. 45 దాటాక ప్రైవేటు ఉద్యోగం ఎలా ఉంటుందో మీ ఆఫీసులోనే చూస్తుంటారు. దుకాణం కుదిరితే రేపు మీరూ గుడ్‌విల్‌కు అమ్ముకోవచ్చు, ఉద్యోగాన్ని అలా అమ్మలేరు. ఆ మాట ఒప్పుకుంటూనే రెండు విషయాల్లో పట్టు పడతాను. పీఎఫ్ ముట్టుకోకండి. 2024-25కు 8.25 శాతం వడ్డీ ఇచ్చిన ఖాతా అది, మీ వయసులో దాన్ని మళ్లీ నింపడం కష్టం. గుడ్‌విల్ కోసం బంగారం తాకట్టు పెట్టకండి. దుకాణం మూతపడితే గుడ్‌విల్‌లో రూపాయి తిరిగి రాదు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఎప్పుడు మానినా, రాజీనామాకు ముందే అమ్మగారికి విడిగా ఆరోగ్య పాలసీ తీసుకోండి. ముందే ఉన్న జబ్బుకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగమంటారు. ఆ గడువు జీతం వస్తుండగానే మొదలుకావడం మంచిది. ఆవిడకు షుగరు ఉందని దరఖాస్తులో దాచకుండా రాయండి.