పాఠకుల ప్రశ్నలు: పొగ పీల్చిన మూడో రోజు రక్తపరీక్ష

ప్రశ్న: దీపావళి రాత్రి పిల్లలతో వీధిలో రెండు గంటలకు పైగా ఉన్నాను. మూడో రోజు హెల్త్ చెకప్‌లో హెచ్ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే లోపలి వాపును చూపే రక్తపరీక్ష) 4.2 వచ్చింది. నిరుడు 1.6. జ్వరం లేదు, గొంతు కాస్త గరగర. ఒక్క రాత్రి పొగకే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ వస్తుందా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వస్తుంది, కొన్ని గంటలు చాలు. అలాగని మీ 4.2 మొత్తాన్నీ టపాసుల ఖాతాలో రాయలేం.

పొగలోని పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవైన) కణాలు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతుకన్నా సన్నం. ముక్కు, గొంతు వాటిని పూర్తిగా ఆపలేవు. ఊపిరితిత్తుల చివరనున్న గాలిగదుల్లో కాపలా కణాలైన మాక్రోఫేజ్‌లు వాటిని మింగుతాయి కానీ, మసినీ లోహపు రేణువులనూ అరిగించుకోలేవు. ఆ పెనుగులాటలో ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సంకేతాలు రక్తంలోకి వెళ్తాయి. వాటిని అందుకుని కాలేయం సీఆర్‌పీ అనే ప్రొటీన్‌నూ, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్‌నూ ఎక్కువగా తయారుచేస్తుంది. సీఆర్‌పీ సుమారు ఆరు గంటల్లో పెరగడం మొదలై, రెండు రోజులకు గరిష్ఠానికి చేరుతుంది. ప్రేరణ ఆగాక దాదాపు 19 గంటలకోసారి సగమవుతుంది. అంటే, పెరిగి ఉంటే కనబడే రోజునే మీరు రక్తం ఇచ్చారు.

గుండె వైద్యుల భయం ఫైబ్రినోజెన్ గురించి: అది పెరిగితే రక్తం చిక్కబడుతుంది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో 1985 జనవరి కాలుష్య మేఘం కమ్మిన రోజుల్లో ప్లాస్మా చిక్కదనం పెరిగినట్టు రక్త నమూనాల్లో తేలింది. 2008 ఒలింపిక్స్ కోసం బీజింగ్‌లో వాహనాలను, ఫ్యాక్టరీలను కట్టడి చేసినప్పుడు దీనికి తలకిందులుగా జరిగింది. ఆరోగ్యంగా ఉన్న యువతలో గడ్డకట్టడానికి సంబంధించిన పి-సెలెక్టిన్ తగ్గింది, ఆంక్షలు పోగానే మళ్లీ పెరిగింది.

అయితే కాలుష్యంవల్ల వచ్చే సీఆర్‌పీ పెరుగుదల సాధారణంగా చిన్నదే. జలుబు మొదలవుతున్నా, చిగుళ్లు వాచినా, మోకాలికి దెబ్బ తగిలినా, ఏడాదిలో బరువు పెరిగినా అంతకన్నా ఎక్కువే పెరగొచ్చు. మీ గొంతు గరగర పొగదా, వైరస్‌దా అన్నది ఈ అంకె చెప్పదు. రెండు వారాలాగి, జలుబూ దగ్గూ లేనప్పుడు అదే ల్యాబులో మళ్లీ చేయించండి. గుండె జబ్బు ముప్పు లెక్కలో 1 లోపు తక్కువ, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే ముందు ఇన్‌ఫెక్షన్ కోసం వెతకాలి. అంకె తగ్గించడానికి నొప్పి మాత్రలు మాత్రం వేసుకోకండి.

ప్రశ్న: మా అబ్బాయి ఢిల్లీలో చదువుతున్నాడు. పొద్దున్నే పరుగెత్తడం అలవాటు. యాప్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 180 అనే ఉన్నా కళ్లు మండుతున్నాయంటాడు. మాస్కు, ప్యూరిఫయర్ కొనాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కాలుష్య నియంత్రణ మండలి ఏక్యూఐ 24 గంటల సగటు. ఆ క్షణంలో పీల్చేది తెలియాలంటే గంటవారీ పీఎం 2.5 అంకె చూడమనండి. 24 గంటల సగటుకు మన దేశ పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థది 15. చలికాలంలో నేల దగ్గరి చల్లగాలి పైకి లేవక పొగను కిందే పట్టి ఉంచడంతో తెల్లవారుజామే అధ్వానం. పరుగులో నిమిషానికి పీల్చే గాలి కూర్చున్నప్పటికన్నా ఐదారు రెట్లు. అందుకే పరుగు మధ్యాహ్నానికి మార్చుకోవాలి, లేదా గదిలోనే వ్యాయామం చేయాలి.

మాస్కయితే తలవెనక రెండు పట్టీలున్న ఎన్95. గడ్డముంటే అంచుల్లోంచి గాలి దూరి, పెట్టుకున్నా పెద్దగా లాభం ఉండదు. ప్యూరిఫయర్‌కు గది కొలత కావాలి. 12 అడుగుల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు అంటే దాదాపు 34 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు ఆ గాలి శుభ్రం కావాలంటే సీఏడీఆర్ (ప్యూరిఫయర్ గంటకు శుభ్రపరిచే గాలి) కనీసం 170 ఘనపు మీటర్లు ఉండాలి. సన్నని కణాలను పట్టే హెపా ఫిల్టర్‌ను కడగకూడదు, ముందుండే జాలీని మాత్రమే కడగాలి. హెపా వాయువులను ఆపదు. కళ్ల మంటలో వాటి వాటా కూడా ఉంటుంది కాబట్టి కార్బన్ పొర ఉన్నదే చూడండి. తలుపులు మూసి అదే గదిలో దోమల కాయిల్ వెలిగిస్తే పెట్టిన డబ్బు దండగ.