సీలింగ్ ఫ్యాన్‌కు రెగ్యులేటర్‌ను ఫేజ్ వైరులో కలపాలా, న్యూట్రల్‌లో కలపాలా?

ఫేజ్, అంటే కరెంటును తెచ్చే వైరులోనే కలపాలి; న్యూట్రల్ అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు. ఫేజ్ ముందుగా స్విచ్‌కు, అక్కడి నుంచి రెగ్యులేటర్‌కు, దాని రెండో టెర్మినల్ నుంచి ఫ్యాన్‌కు చేరాలి. న్యూట్రల్ నేరుగా ఫ్యాన్‌కు, ఎర్త్ వైరు ఫ్యాన్ బాడీకి వెళ్లాలి. స్విచ్, రెగ్యులేటర్ న్యూట్రల్‌లో ఉన్నా ఫ్యాన్ తిరుగుతుంది కాబట్టి తప్పు బయటపడదు. కానీ స్విచ్ ఆపిన తరువాత కూడా ఫ్యాన్ టెర్మినళ్ల దగ్గర 230 వోల్టులు నిలిచే ఉంటాయి, రెక్కలు తుడిచేవారికి అదే ప్రాణాపాయం.

పాత పెద్ద రెగ్యులేటర్లు రెసిస్టెన్స్‌తో వేగం తగ్గించి, మిగిలిన విద్యుత్తును వేడిగా వృథా చేసేవి. ఇప్పటి స్టెప్ రకంలో కెపాసిటర్లు సిరీస్‌లో చేరి ఫ్యాన్‌కు అందే వోల్టేజీని తగ్గిస్తాయి కనుక వేడి చాలా తక్కువ. ట్రయాక్ (ఎలక్ట్రానిక్ స్విచ్‌లా పనిచేసే భాగం) రకం వోల్టేజీ తరంగాన్ని కోస్తుంది. తక్కువ వేగంలో ఫ్యాన్ గుర్రుమనడానికి అదే కారణం, కాబట్టి నేను స్టెప్ రకాన్నే సూచిస్తాను. అన్ని వేగాల్లోనూ ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంటే, రెగ్యులేటర్‌ను మార్చే ముందు ఫ్యాన్‌లోని కెపాసిటర్‌ను, సాధారణంగా 2.5 మైక్రోఫారడ్‌ది, పరీక్షించండి.

రిమోట్‌తో నడిచే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్‌కు గోడ రెగ్యులేటర్ కలపకూడదు. పని మొదలుపెట్టే ముందు ఎంసీబీ (మెయిన్ బోర్డులోని బ్రేకర్ స్విచ్) ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో తప్పక సరిచూసుకోండి.